ఉత్తర స్తంభం మీది సాక్షి

మా అన్న సిల్వాన్ మొరిసే గోడకు ఆనుకుని కూర్చోవడం, ఆయనకు అరవై ఆరేళ్ళు వచ్చేదాకా మా ఊరు శాంబ్రెల్‌లో ఎవరూ చూడలేదు. పుట్టింది తాపీ మేస్త్రీ ఇంట్లో, బతికింది తాపీ పనితో, అయినా గోడంటే భయం. ఎవరింటికి వెళ్ళినా ముందు వేలి కణుపుతో గోడను రెండుసార్లు కొట్టేవాడు. చెవి దగ్గరగా పెట్టి వినేవాడు. ఆ తరువాత కుర్చీని మూరెడు ఇవతలికి లాక్కుని కూర్చునేవాడు. తన పెళ్ళి విందులో బల్లలన్నీ గోడల పక్కనుంచి లాగించి నడిమధ్యకు చేర్పించాడు. వదిన అర్మాంద్ ఆ కథను జీవితాంతం చెప్పింది.

"నన్ను చేసుకునే ముందు నా నెత్తిమీద కూడా రెండుసార్లు కొట్టి విన్నాడమ్మా. బోలుగా మోగింది కాబట్టి ఒప్పుకున్నాడు!" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆయన్ని ఎగతాళి చేసినవాళ్ళలో నేను ముందు వరసలో ఉండేదాన్ని, అది దాచను. మనుషులకు గుండె ధైర్యం లేకపోతే నాకు చిరాకు. అన్నయ్య భయం నా ఒంట్లోకి వచ్చేదాకా అది ఎంత బరువో నాకు తెలియలేదు.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. 1932 ఏప్రిల్‌లో మా నాన్న ఉర్సాన్, పక్క ఊళ్ళో ఒక గడ్డి దాచే కొట్టం గోడకు మరమ్మతు చేస్తున్నాడు. అన్నయ్యకు పదమూడేళ్ళు. మధ్యాహ్నం రొట్టె, మేక జున్ను, సీసాలో ద్రాక్షసారా పట్టుకుని వెళ్ళాడు. నాన్న ఆయన్ని చూసి చెయ్యి ఊపాడట. ఆ చెయ్యి దిగేలోగా గోడ నాన్న మీద కూలిపోయింది. ఎన్నో ఏళ్ళ తరువాత ఒకే ఒకసారి ఆ సంగతి నాకు చెప్పాడు.

"గోడ పడేముందు కేకెయ్యదు సోలాంజ్. కాస్త ఇసుక రాలుద్ది, అంతే. పిల్లి నడిచినంత చప్పుడు కూడా ఉండదు."

నాన్న పోవడానికి ముందు వేసవిలో మా ఊరి చర్చిలో ఒక పని చేశాడు. గంటగోపురాన్ని మోసే నాలుగు స్తంభాల్లో ఉత్తరం వైపు దాని పక్కన, అంటే జనం కూర్చునే పెద్దసాల గోడ వచ్చి ఆ స్తంభాన్ని తాకే చోట, పైనుంచి కిందికి ఒక గీత ఉంది. అది బీటో, మామూలు అతుకో ఎవరికీ తెలియదు. నాన్న నిచ్చెనెక్కి ఆ గీతకు అడ్డంగా అరచేతి పొడవున జిప్సం ముద్ద పరిచాడు. తడి ఆరకముందే మేకుతో "ఆగస్టు 1931" అని గీసి, కింద తన పేరు మొదటి అక్షరాలు గీశాడు. జిప్సం సాగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా పుటుక్కున విరుగుతుంది. అందుకే మేస్త్రీలు దాన్ని సాక్షి అంటారు. విరిగితే గోడ కదిలినట్టు, విరగకపోతే గోడ నిలిచినట్టు.

"ఈ సాక్షి సంగతేమిటో తేలేదాకా పెద్ద గంటను ఊపొద్దు" అని కూడా నాన్న చెప్పాడు. పెద్ద గంట పేరు బెర్నార్దీన్. అది ఊగితే గోపురమంతా దానితోపాటు ఊగుతుంది. అప్పటినుంచి దాన్ని సుత్తితో కొట్టడమే తప్ప ఊపింది లేదు. చెప్పినవాడు మరుసటేడే గోడ కింద పోయాడు కాబట్టి ఆ మాట తీసేసే ధైర్యం ఏ మేయరుకూ రాలేదు. పక్క ఊరివాళ్ళ గంటలు హాయిగా ఊగుతూ మోగుతుంటే మావాళ్ళు పళ్ళు నూరుకునేవాళ్ళు. మా గంట మోత కంసాలి కొట్టులో చప్పుడులా ఉంటుందని ఆ ఊరివాళ్ళు వెక్కిరించేవాళ్ళు.

చర్చి తాళంచెవి మా ఇంట్లోనే ఉండేది. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రార్థన అయిపోయాక అన్నయ్య నిచ్చెన వేసుకుని పైకెక్కేవాడు. జేబులోంచి సిగరెట్ చుట్టుకునే పల్చటి కాగితం తీసి, దాని అంచును సాక్షి మీద ఆ చివరనుంచి ఈ చివరకు జరిపేవాడు. ఎక్కడైనా సన్న పగులు ఉంటే కాగితం దూరుతుంది. దూరేది కాదు. అప్పుడు అరచేత్తో దాన్ని ఒకసారి తడిమి కిందికి దిగి, కింద నిచ్చెన పట్టుకున్న నాతో ఒకటే మాట అనేవాడు.

"నాన్న నిలబడే ఉన్నాడు."

నలభై ఏళ్ళకు పైగా నెలనెలా ఆ మాట విన్నాను. విని విని విసుగొచ్చి, "ఆయనకి కాళ్ళు నొప్పెట్టవా అన్నయ్యా?" అనేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

1976 వేసవిని మా ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. మార్చినుంచి చుక్క వాన లేదు. మా నేల బంకమట్టి, ఎండితే ముడుచుకుపోతుంది. సగం ఊరి ఇళ్ళ గోడలు బీటలిచ్చాయి. మా బావి అడుగు కనబడింది. అన్నయ్య వరిబీజం ఆపరేషన్ చేయించుకుని పట్నంలో ఆసుపత్రిలో ఉన్నాడు. మంచం మీద పడుకుని కూడా ఆసుపత్రి గోడను కొట్టి వింటున్నాడని నర్సులు నవ్వుకున్నారట. ఆగస్టు పదిహేను మాకు మేరీమాత పండుగ. దానికోసం నేనొక్కదాన్నే చర్చి శుభ్రం చేస్తున్నాను. పొడుగు కర్రకు గుడ్డ చుట్టి స్తంభాల మీది సాలెగూళ్ళు దులుపుతుంటే కర్ర సాక్షికి తగిలింది. గట్టిగా తగల్లేదు, అది మాత్రం నాకు బాగా గుర్తు. తగిలిందంతే. రెండు ముక్కలు జారి నా కాళ్ళ దగ్గర పడ్డాయి.

పై ప్రాణాలు పైనే పోయాయి. కాసేపు ఆ ముక్కల్ని చూస్తూ నిలబడిపోయాను. నాన్న చేతి గీతలు. "ఆగ" అని ఒక ముక్క మీద, మిగతాది ఇంకోదాని మీద. నేను కొట్టబట్టి విరిగిందా, అంతకుముందే విరిగి ఉన్నది నా కర్ర తగిలి ఊడిందా? అప్పుడు విరిగిన అంచుల్ని చూసి ఉంటే తెలిసిపోయేది. పాత విరుగుడైతే అంచులు దుమ్ముపట్టి బూడిదరంగులో ఉంటాయి, కొత్తదైతే పాలలా తెల్లగా ఉంటాయి. మేస్త్రీ ఇంట్లో పుట్టినదాన్ని, నాకా మాత్రం తెలుసు. కానీ నేను చూడలేదు. చూడకుండానే ముక్కల్ని ఏప్రాన్‌లో మూటకట్టి, తీసుకెళ్ళి మా ఎండిన బావిలో పారేశాను.

ఎందుకంటే ఆ క్షణాన నాకు అన్నయ్య మొహమే కనబడింది. ఆసుపత్రినుంచి పొట్ట పట్టుకుని నడుస్తూ వచ్చి, నిచ్చెనెక్కి, ఖాళీ గోడ చూస్తాడు. ఆ మనిషి ఆ తరువాత నిద్రపోడు, తినడు. నాన్న రెండోసారి పడిపోయినట్టవుతుంది. అన్నయ్య కొట్టులోంచి జిప్సం తెచ్చి కలిపాను. ఆరేలోపు మేకుతో అదే తేదీ, అవే అక్షరాలు గీశాను. పొయ్యి బూడిద, కాఫీ పిప్పి కలిపి పైన రుద్దాను. దిగి చూస్తే నాకే తేడా తెలియలేదు. సెప్టెంబరులో వానలు పడి బావి నిండింది.

అక్టోబరు మొదటి ఆదివారం అన్నయ్య నిచ్చెనెక్కాడు. కాగితం జరిపాడు, అరచేత్తో తడిమాడు. ఆ తడమడం ఎప్పటికంటే కాస్త ఎక్కువసేపు సాగింది. కింద నేను నిచ్చెనను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"నాన్న నిలబడే ఉన్నాడు" అన్నాడు, దిగి.

అంతే. నేను కొట్టి విరగ్గొట్టాను, నేను మళ్ళీ పెట్టాను, లెక్క సరి అని నాకు నేను చెప్పుకున్నాను. తొమ్మిదేళ్ళు అలాగే చెప్పుకున్నాను.

1985 మేలో మదామ్ వెర్దియే వచ్చింది. పాత చర్చిలు ఏ భాగం ఎప్పుడు కట్టారో తేల్చడం ఆవిడ పని. నలభై ఏళ్ళుంటాయేమో, ప్యాంటు జేబుల్లో ఎప్పుడూ బిస్కెట్లు, సుద్దముక్కలు కలిసిపోయి ఉండేవి. ఒక్కోసారి సుద్ద కొరికి ఉమ్మేసేది. నేను ఆవిడకు మధ్యాహ్న భోజనం పెట్టేదాన్ని. మా చర్చి ఒక్క విడతలో కట్టింది కాదని మొదటిరోజే చెప్పింది. అన్నయ్య వెంటబడి తిరిగేవాడు. రాళ్ళను కళ్ళుమూసుకుని వేళ్ళతో చదివేవాడు.

"ఇది గొడ్డలితో చెక్కిన రాయి మేడమ్. గీతలు వాలుగా ఉన్నాయ్. ఇక్కణ్ణుంచి పళ్ళ ఉలి. ఇంకో కాలం వాళ్ళ పని."

"మేస్త్రీ గారూ, మీ వేళ్ళు నాకిచ్చెయ్యండి, నా డిగ్రీలు మీకిచ్చేస్తాను" అనేది ఆవిడ. అన్నయ్య చెవులు ఎర్రబడేవి. ఆ వయసులో ఆయన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆవిడే.

బలిపీఠం ఉన్న తూర్పు భాగం 1080 ప్రాంతంలో కట్టారు, పెద్దసాల 1130లలో. గోపురం గోడలో పరంజా గుంజలు దూర్చిన రంధ్రాల్లో ఒకచోట ఓక్ కర్రముక్క మిగిలిపోయి ఉంది. దాన్ని పట్నం పంపి చెట్టు వలయాలు లెక్కపెట్టించింది. ఆ చెట్టును నరికింది 1163 చలికాలంలోనట. అంటే పెద్దసాల కట్టిన ముప్పై ఏళ్ళకు గోపురం లేచింది. చిక్కంతా ఉత్తర స్తంభం దగ్గర వచ్చింది. ఒకరోజు నా వంటింటి బల్ల మీద, నేను చేసిన బంగాళాదుంపల రొట్టె ముక్కలు రెండు పక్కపక్కన పెట్టి చెప్పింది.

"చూడు సోలాంజ్. ఇది సాల గోడ, ఇది స్తంభం. ఈ మధ్య గీత అతుకైతే, స్తంభాన్ని తరవాత గోపురంతో పాటే కట్టారన్నమాట. గోపురం మొయ్యడానికే కట్టారు కాబట్టి భయం లేదు. అలా కాకుండా గోడా స్తంభమూ ఒకే విడతలో కట్టినవైతే..." అని రెండు ముక్కల్నీ దగ్గరికి నొక్కి, పైన ఉప్పుజాడీ పెట్టింది. "ఆ స్తంభాన్ని ఉత్త పైకప్పు మొయ్యడానికి కట్టారు. ముప్పై ఏళ్ళ తరవాత దాని నెత్తిన గోపురం ఎక్కించారు. అప్పుడిది అతుకు కాదు, పగులు. బరువుకి చీలిపోతోందన్నమాట."

"మరి ఏది?" అన్నాడు అన్నయ్య.

"రాళ్ళు చెప్పట్లేదు. ఎవడో మహానుభావుడు వందేళ్ళ కిందట శుభ్రం చేస్తానని ఆ స్తంభమంతా గీకిపారేశాడు. ఉలి గుర్తులు పోయాయ్. కానీ మీ నాన్నగారి సాక్షి ఉందిగా! పగులైతే యాభై నాలుగేళ్ళలో ఎప్పుడో విరిగేది. డెబ్బయ్యారు ఎండల్లో ఊళ్ళో సగం ఇళ్ళు బీటలిచ్చాయంటున్నారే, అప్పుడు కూడా అది చెక్కుచెదరలేదు. ఇంతకంటే రుజువేం కావాలి మేస్త్రీ గారూ? అది అతుకే. స్తంభం 1163 నాటిదే."

నా చేతిలో గరిటె కింద పడింది. వంగి తీసుకుంటూ ఉండిపోయాను, పైకి లేవబుద్ధి కాలేదు. తొమ్మిదేళ్ళనుంచి దాచుకున్నది చిన్న అబద్ధం అనుకున్నాను. ఆ అబద్ధం మీద ఇప్పుడు ఎనిమిది వందల ఏళ్ళ గోపురాన్ని నిలబెడుతున్నారు.

అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. వెనక నా వంటింటి గోడ ఉంది. ఆయన వీపు గోడకు ఆనింది. జీవితంలో మొదటిసారి, కొట్టి చూడకుండా. అర్మాంద్ వదిన చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నావైపు చూసి కళ్ళు తుడుచుకుంది.

అది చూశాక నేనెలా చెప్పను? మీరే చెప్పండి.

మేయరు తిబోదా వారంలో తీర్మానం చేయించాడు. ఆగస్టు పదిహేను పండుగనాడు, పది గంటల ప్రార్థనకు ముందు, ఊరంతా లోపల ఉండగా బెర్నార్దీన్‌ను ఊపుతారు. ముగ్గురు వస్తాదుల్లాంటి కుర్రాళ్ళు తాడు లాగుతారు. ఉర్సాన్ కొడుకు సిల్వాన్ పక్కన నిలబడి లెక్క చెబుతాడు. పక్క ఊళ్ళవాళ్ళను కూడా పిలిచారు.

ఆ రెండు నెలలు నేను ఎలా గడిపానో ఎవరికీ చెప్పలేదు. చర్చిలోకి వెళితే కళ్ళు పైకే పోయేవి. చీమ పాకినా ఇసుక రాలిందనుకునేదాన్ని. కూరల్లో ఉప్పు వెయ్యడం మరిచిపోయేదాన్ని, వేసిందే మళ్ళీ వేసేదాన్ని. అన్నయ్యతో చెబుదామని రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి ఆయన గడ్డం గీసుకుంటూ పాట పాడుతున్నాడు, నేనెప్పుడూ వినలేదు ఆయన పాడటం. గుడ్లు అడిగి తెచ్చుకున్నాను. రెండోసారి ఆయనే, "నీతో ఒకటి చెప్పాలే చెల్లీ. ఇన్నేళ్ళు నిన్ను నిచ్చెన పట్టించి సతాయించాను. ఇంక అక్కర్లేదు" అన్నాడు. గుడ్లు కూడా అడక్కుండా వచ్చేశాను.

చివరకు పాపసంకీర్తనలో ఫాదర్ గారికి చెప్పాను. ఆయనకు అయిదు ఊళ్ళు, ఎప్పుడూ బయట కారు ఇంజను నడుస్తూనే ఉంటుంది.

"జిప్సం అతికించడం పాపమేం కాదమ్మా. నువ్వే విరగ్గొట్టావా?"

"తెలీదు ఫాదర్."

"తెలీదంటే?"

"చూళ్ళేదు. చూడ్డానికి భయమేసింది."

బయట ఇంజను చప్పుడు వినబడింది. "అయితే మీ అన్నకి చెప్పు. ఇవాళే చెప్పు" అన్నాడు. నేను ఆ రోజు చెప్పలేదు.

పండుగనాడు చర్చిలో నిలబడటానికి చోటు లేదు. పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు చంటిబిడ్డలతో వచ్చారు. మదామ్ వెర్దియే కూడా వచ్చింది, జీవితంలో మొదటిసారి గౌను వేసుకున్నట్టుంది. గోపురం కింద తాడు పట్టుకుని ముగ్గురు కుర్రాళ్ళు చొక్కా చేతులు మడుచుకున్నారు. అన్నయ్య నల్ల కోటు తొడుక్కుని వచ్చి ఉత్తర స్తంభానికి వీపు ఆనించి నిలబడ్డాడు. సరిగ్గా సాక్షి కింద. చెయ్యి పైకెత్తి "ఒకటి" అన్నాడు.

పెద్ద గంట వెంటనే మోగదు. ముందు ఊగాలి. లోపలి నాలుక తగిలేంత ఎత్తుకు లేచేదాకా పైన కొయ్యలు మూలిగే చప్పుడు మాత్రమే వస్తుంది. రెండు, మూడు, నాలుగు. నా కాళ్ళ కింద రాతిపలకల్లోంచి ఒక కదలిక పైకి పాకింది. చంటిబిడ్డ ఏడుపు మానేసింది. అయిదో ఊపుకు గంట ఒక్కసారి మోగింది. ఆ మోతకు ఊరంతా "హా" అంది. అప్పుడు చూశాను, అన్నయ్య నల్ల కోటు భుజం మీద తెల్లగా ఏదో రాలింది. చప్పుడేమీ లేదు.

"అన్నయ్యా! ఇవతలికి రా!"

నేను అరిచిన అరుపు నాకే వినబడలేదు. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి ఆయన కోటు పట్టుకుని లాగాను.

"ఏమైందే?"

"అది నాన్న పెట్టింది కాదు. నేను పెట్టాను. డెబ్బయ్యారులో. నాన్నది విరిగిపోయింది, నేనే మళ్ళీ చేసి పెట్టాను. మేడమ్ గారు చెప్పిందంతా తప్పు. అన్నయ్యా, రా!"

ఆయన మొహంలో రక్తం ఇంకిపోవడం చూశాను. కానీ పరిగెత్తలేదు. అక్కడే నన్ను నేను తిట్టుకున్నాను, జీవితమంతా ఈ మనిషినా పిరికివాడన్నది అని. ఆయన తిరిగి, పనిలో కూలీలకు చెప్పినట్టు గట్టిగా చెప్పాడు.

"అందరూ బయటికి నడవండి. పరిగెత్తొద్దు. పిల్లల్ని ముందు పంపండి. కుర్రాళ్ళూ, లాగడం ఆపండి, తాడు మాత్రం వదలొద్దు."

ఊగుతున్న గంటను ఒక్కసారిగా ఆపలేరు. పట్టుకుని లాగితే గోపురానికి ఇంకా దెబ్బ. అది తనంతట తాను తగ్గాలి. జనం సణుగుతూ, తోసుకుంటూ బయటికి పోయారు. కాసేపటికి కుర్రాళ్ళను కూడా పంపేసి అన్నయ్య ఒక్కడే తాడు పట్టుకున్నాడు. నన్ను పొమ్మన్నాడు. నేను పోలేదు. పైన గంట ఊగుతోంది, మోగుతోంది, ఒక్కో మోతకు కాస్త తగ్గుతోంది. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకున్నాను.

"విరిగిన ముక్కలేవి?" అన్నాడు, తాడు మీదనుంచి కళ్ళు తిప్పకుండా.

"బావిలో పారేశాను."

"అంచులు ఏ రంగులో ఉన్నాయ్?"

"చూళ్ళేదు."

"మేస్త్రీ ఉర్సాన్ కూతురివి, చూళ్ళేదా?"

"నీకోసమే అన్నయ్యా... నువ్వు తట్టుకోలేవని..."

గంట మోగింది. ఆయన మోత తగ్గేదాకా ఆగాడు.

"నా చేతికి తెలిసింది సోలాంజ్. ఆ అక్టోబర్లో తడిమినప్పుడే. నాన్న జిప్సంలో కాస్త ఇసుక కలిపేవాడు, గరుగ్గా ఉండేది. ఇది నున్నగా ఉంది. ఎండలకి అరిగిందేమోలే అనుకున్నాను. అనుకోవాలనిపించింది. నేనూ చూళ్ళేదన్నమాట."

గంట ఆగింది. కొయ్యలు ఒకసారి మూలిగి ఊరుకున్నాయి.

అన్నయ్య నిచ్చెనెక్కి కాగితం జరిపాడు. నా సాక్షి విరగలేదు. కోటు మీద రాలింది గోడ ఇసుకో, యాభై ఏళ్ళుగా కొయ్యల మీద పేరుకున్న దుమ్మో ఎవరూ తేల్చలేకపోయారు. బయట చౌకులో మేయరు మండిపడ్డాడు.

"చూశారా, గోపురం గోపురంలాగే ఉంది! ఇంతమంది ముందు పరువు తీశారు అన్నాచెల్లెళ్ళు. పదండి, మళ్ళీ లాగుదాం. ఏం సిల్వానూ, తాళం ఇటివ్వు."

"ఇవ్వను."

"నీ బాబు సొమ్మా?"

"మా బాబు ప్రాణం" అన్నాడు అన్నయ్య. తాళంచెవి చొక్కా లోపల వేసుకుని ఇంటికి పోయాడు.

నేను పెట్టిన సాక్షి కూడా తొమ్మిదేళ్ళు నిలిచింది కదా అని చాలామంది అన్నారు. ఆ తొమ్మిదేళ్ళూ గంట ఊగలేదు, అంత ఎండా మళ్ళీ రాలేదు అని మదామ్ వెర్దియే వాళ్ళకు జవాబు చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నా వంటింట్లో కూర్చుని, తన కాగితాల్లో ఉత్తర స్తంభం పక్కన రాసుకున్న 1163ను కొట్టేసి, "కాలం తేలలేదు" అని రాసింది. ఊరివాళ్ళు మాత్రం రొట్టెల కొట్టులో నన్ను చూసి "జిప్సమ్మ గారూ" అని పలకరించడం మొదలెట్టారు. ఇప్పటికీ కొందరు అంటారు. పడతాను.

అన్నయ్య మూడు నెలలు నాతో మాట్లాడలేదు. నవంబరులో, చనిపోయినవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టే రోజున, నాన్న దగ్గర ఇద్దరం కలిశాం. పూలు పెట్టి లేచి, "జిప్సం కలుపుదాం రా" అన్నాడు. చర్చికి వెళ్ళాం. నా సాక్షిని ఉలితో ఊడగొట్టి, గిన్నెలో చిటికెడు ఇసుకతో కొత్త ముద్ద కలిపి పరిచాడు. మేకు నా చేతికిచ్చాడు.

"నువ్వు రాయి. నిజం తేదీ. నీ పేరు."

నిచ్చెనెక్కి రాశాను. ఆయన కింద పట్టుకుని నిలబడ్డాడు.

ఆ తరువాత నెలనెలా నేను ఎక్కాను, ఆయన పట్టుకున్నాడు. నేను దిగి "ఉంది" అనేదాన్ని, ఆయన తల ఊపేవాడు. మళ్ళీ ఏ గోడకూ ఆనలేదు. 1991 చలికాలంలో, పొలం మధ్య మంచులో నడుస్తూ గుండె ఆగి పోయాడు. చుట్టూ ఏ గోడా లేని చోట. అర్మాంద్ వదిన అది తలుచుకుని కాస్త ఊరట పడింది.

ఇప్పుడు తాళంచెవి నా దగ్గరుంది. ఎవరింటికి వెళ్ళినా నేనే గోడను రెండుసార్లు కొట్టి, కుర్చీ జరుపుకుంటున్నాను. పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పోయిన ఏడాది ఎండలు బాగా కాశాయి, మా బావి మళ్ళీ అడుగంటింది. నిన్న మార్చి మొదటి ఆదివారం. ప్రార్థన అయ్యాక, నిచ్చెన పట్టుకునేవాళ్ళు లేక, స్తంభానికి తాడుతో కట్టి ఎక్కాను. డెబ్బయ్యో ఏట అది మంచి పని కాదని తెలుసు. కాగితం తీసి సాక్షి అంచు మీద పెట్టి మెల్లగా జరిపాను. మధ్యకు వచ్చేసరికి కాగితం లోపలికి దూరింది. ఈసారి అంచులు చూశాను. తెల్లగా ఉన్నాయి.

దిగి, పూలు సర్దుతున్న ఇద్దరు ఆడవాళ్ళను బయటికి పంపి, తలుపుకు తాళం వేసి, మేయరు ఇంటికి నడిచాను. ఆదివారం భోజనం మధ్యలో లేచి వచ్చి విసుక్కున్నాడు, పాత తిబోదా కొడుకే.

"ఏం జిప్సమ్మ గారూ, మళ్ళీ ఏమొచ్చింది?"

"సాక్షి విరిగింది నాయనా" అన్నాను. "నేను ముట్టుకోలేదు."